వైన్ లేబుల్ రూపకల్పన

వైన్ లేబుల్ రూపకల్పన అనగా ద్రాక్షరసాన్ని పులియబెట్టి తయారుచేసే వైన్ సీసాలపై అంటించే చీటీని, ఆ సీసా ఏ ధరకు అమ్ముడుపోవలెనో ఆ ధరకు తగినట్లుగా తీర్చిదిద్దే పని. కొనే ముందు సీసా తెరిచి రుచి చూసే అవకాశం సాధారణంగా ఉండదు. ముదురు ఆకుపచ్చ గాజు వెనుక వైన్ రంగు కూడా సరిగా కనబడదు. అందువలన కొనుగోలుదారుకు ఆధారంగా మిగిలేవి రెండే: దుకాణంలో రాసిపెట్టిన ధర, సీసాపై ఉన్న లేబుల్. ఈ రెండూ ఒకదానినొకటి సమర్థించేటట్లు చూడటం రూపకర్త బాధ్యత. 8 డాలర్ల వైన్‌కు 80 డాలర్ల వైన్ వేషం వేస్తే, రోజువారీ భోజనానికి సీసా వెదుకుతున్న మనిషి అది తనకు అందదని దాని వైపు చూడడు. 80 డాలర్ల వైన్‌కు 8 డాలర్ల వేషం వేస్తే, బహుమతిగా ఇవ్వడానికి వచ్చినవాడు దానిని ముట్టుకోడు.

లేబుల్ మీది మాటలను చాలా దేశాలలో చట్టం నియంత్రిస్తుంది. కాగితం మందాన్ని గానీ, బంగారు రేకును గానీ, కోట బొమ్మను గానీ చట్టం పెద్దగా పట్టించుకోదు. చూపుకు ఖరీదుగా కనిపించడం నేరం కాదు. వైన్ లేబుళ్ళ గురించిన వివాదాలు ఎక్కువగా ఈ సందులోనే పుట్టాయి.

చరిత్ర

వైన్ పాత్రపై వివరాలు రాసే ఆచారం చాలా ప్రాచీనమైనది. 1922లో హోవార్డ్ కార్టర్ కనుగొన్న ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో వైన్ జాడీలు దొరికాయి. వాటిలో అనేకం మీద రాజు పాలనలో ఎన్నవ సంవత్సరపు పంట, ఏ తోట, తయారుచేసిన అధికారి ఎవరు అన్న వివరాలు సిరాతో రాసి ఉన్నాయి. ఈనాటి ఖరీదైన సీసాల మీద ఉండే ముఖ్య సమాచారం కూడా దాదాపు ఇదే. రోమనులు కూడా తమ మట్టి కూజాల మెడలపై ఇటువంటి రాతలు రాసేవారు.

ఐరోపాలో చాలాకాలం వైన్ పీపాలలోనే అమ్ముడయ్యేది. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని సంపన్నుల ఇళ్ళలో, బల్ల మీద పెట్టే సీసాల మెడకు గొలుసుతో వేలాడే చిన్న వెండి బిళ్ళలు ఉండేవి. వాటిపై "పోర్ట్", "మదీరా" వంటి పేర్లు చెక్కేవారు. అవి వైన్ రకాన్ని తెలిపేవే గాని, తయారీదారును తెలిపేవి కావు. 1790లలో అలోయిస్ సెనెఫెల్డర్ శిలాముద్రణను కనుగొన్న తరువాత కాగితపు చీటీలను చౌకగా, వేల సంఖ్యలో అచ్చువేయటం సాధ్యమైంది. 19వ శతాబ్దంలో సీసాలకు కాగితపు లేబుళ్ళు అంటించడం వాడుకలోకి వచ్చింది. 1935లో అమెరికాకు చెందిన ఆర్. స్టాంటన్ ఏవరీ తనంతట తానే అంటుకొనే లేబుల్‌ను తయారుచేయడంతో, ఏ ఆకారంలోనైనా కత్తిరించిన చీటీని సీసాకు అంటించడం తరువాతి కాలంలో సులభమైంది.

ఈ చరిత్రలో మరొక ముఖ్యమైన మలుపు సీసాలు నింపే చోటు మారటం. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో తోట యజమానులు వైన్‌ను పీపాలలో వర్తకులకు అమ్మితే, వర్తకులే సీసాలలో నింపి లేబుల్ అంటించేవారు. ఆ లేబుల్ మీద తోట పేరున్నా, లోపలి సరుకుకు తోట యజమాని పూచీ ఉండేది కాదు. 1924లో షాటో మూటన్ రోత్‌షీల్డ్ యజమాని బారన్ ఫిలిప్ ద రోత్‌షీల్డ్ తన పంట మొత్తాన్ని తోటలోనే సీసాలకెక్కించాలని నిర్ణయించాడు. ఆ సందర్భానికి జాన్ కార్లూ అనే పోస్టర్ చిత్రకారునిచేత ఆధునిక శైలిలో లేబుల్ వేయించాడు. లేబుల్ యజమాని సంతకంతో సమానమైనది కావటం ఇటువంటి మార్పులతోనే సాధ్యమైంది.

ధర శ్రేణులు, రూపం

వైన్ వర్తకంలో ధరలను సుమారుగా సాధారణ, ప్రీమియం, సూపర్ ప్రీమియం, అల్ట్రా ప్రీమియం, లగ్జరీ అనే శ్రేణులుగా విభజిస్తారు. వీటి హద్దులు దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి. పేర్లలో అడుగు శ్రేణికి మించి ప్రతిదీ "ప్రీమియం" కావటం ఈ వర్తకపు అలవాటు.

చౌక శ్రేణి వైన్ ఎక్కువగా సూపర్ మార్కెట్లలో, వందలాది సీసాల నడుమ నిలబడి అమ్ముడుపోవాలి. కొనేవారు ఒక్కో సీసాను చూసేది కొద్ది క్షణాలే. కనుక దూరం నుండి కనిపించే పెద్ద అక్షరాలు, గాఢమైన రంగులు, ఒక్క చూపులో గుర్తుండిపోయే బొమ్మ ఈ శ్రేణి లక్షణాలు. ఊరి పేరు కన్నా ద్రాక్ష రకం పేరు (షార్డొనే, మెర్లో వంటివి) ముఖ్యం, ఎందుకంటే కొత్తగా వైన్ తాగేవారికి ఊర్ల పేర్లు తెలియవు. వెనుక లేబుల్‌పై ఏ భోజనంతో తాగవచ్చునో తేలిక మాటలలో చెబుతారు.

మధ్య శ్రేణి రూపకర్తకు అన్నిటికంటే కష్టమైనది. ఇక్కడ కొనేవాడు మామూలుకన్నా కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టడానికి సిద్ధపడ్డాడు, కాని అందుకు తనకు తాను ఒక కారణం చెప్పుకోవాలి. అందువల్ల ఈ లేబుళ్ళపై ప్రాంతం పేరు, పంట సంవత్సరం, ఓక్ పీపాలలో ఉంచిన కాలం, కుటుంబ చరిత్ర వంటి సాక్ష్యాలు పోగుపడతాయి. లేత పసుపు లేదా తెలుపు కాగితం, రాగిరేకు మీద చెక్కినట్లుండే తోట బొమ్మ, పేరు మీద సన్నని బంగారు గీత ఈ శ్రేణిలో మాటిమాటికీ కనబడతాయి.

అత్యంత ఖరీదైన శ్రేణికి వచ్చేసరికి అలంకారం మళ్ళీ తగ్గిపోతుంది. బర్గండీలోని డొమేన్ ద లా రొమనే-కాంటి లేబుల్ దాదాపు పూర్తిగా అక్షరాలతో నిండిన తెల్ల కాగితం. దాని మీద సీసా వరుస సంఖ్య, బాధ్యుల సంతకం ఉంటాయి. ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్లలో ఇది ఒకటి. దీనిని అరల మధ్య వెదుక్కొని కొనేవారు ఉండరు. వర్తకుల జాబితాలలోనో, వేలంలోనో కొంటారు. కేకవేసి పిలువవలసిన అవసరం లేని సీసా మెల్లగా మాట్లాడుతుంది. ఇది గమనించిన తరువాత మధ్య శ్రేణివారు కూడా తెల్లటి ఖాళీ స్థలాన్ని, చిన్న అక్షరాలను వాడటం మొదలుపెట్టారు. దానితో ఆ గుర్తు విలువ కొంత పలచబడింది. ఒక శ్రేణి గుర్తును దాని కింది శ్రేణి అనుకరించటం, పైవారు మరొక గుర్తును వెదుక్కోవటం ఈ రంగంలో ఎప్పుడూ జరిగేదే.

రంగుల విషయంలో స్థిరమైన సూత్రం లేదు. పసుపు రంగు చౌకదనానికి గుర్తని కొందరంటారు గాని, వేవ్ క్లికో అనే ఖరీదైన షాంపేన్ పసుపు లేబుల్‌తోనే ప్రసిద్ధి పొందింది. రంగు కన్నా, దానిని ఎవరు ఎంతకాలంగా వాడుతున్నారన్నదే ముఖ్యం.

కాగితం, ముద్రణ

లేబుల్ ఖరీదును చేయి కూడా పసిగడుతుంది. చౌక సీసాలకు నున్నని పూత కాగితంపై సాధారణ ఆఫ్‌సెట్ ముద్రణ సరిపోతుంది. ధర పెరిగేకొద్దీ నూలు కలిసిన గరుకు కాగితం, అక్షరాలు పైకి తేలే ఉబ్బెత్తు ముద్రణ, వేడి అచ్చుతో అద్దే బంగారు లేదా రాగి రంగు రేకు, అక్షరపు అచ్చు కాగితంలోకి దిగే పాత పద్ధతి ముద్రణ వచ్చి చేరుతాయి. కొన్ని సీసాలకు కాగితమే ఉండదు, గాజు మీదనే ఎనామిల్‌తో ముద్రిస్తారు. షాటో మూటన్ రోత్‌షీల్డ్ 2000 సంవత్సరపు పంటకు కాగితపు లేబుల్ బదులు గాజు మీద బంగారు రంగు పొట్టేలు బొమ్మను వేశారు.

అందం ఒక్కటే చాలదు. తెల్ల వైన్, షాంపేన్ సీసాలను మంచునీటి బకెట్‌లో ఉంచుతారు. అక్కడ మామూలు కాగితం నాని ఊడిపోతుంది, లేదా దానిపై మరకలు తేలుతాయి. అందుకని తడికి తట్టుకొనే కాగితం, బంక వాడవలసి ఉంటుంది. ఎర్ర వైన్ నేలమాళిగలో ఏళ్ళ తరబడి తేమలో పడి ఉంటుంది కాబట్టి బూజు కూడా సమస్యే.

లేబుల్‌తో పాటు సీసా బరువు, అడుగున ఉండే గుంట, మెడకు తొడిగే రేకు కూడా ధరను సూచిస్తాయి. బరువైన సీసా మంచి వైన్‌కు గుర్తన్న నమ్మకం బలంగా ఉన్నా, గాజు బరువుకు రుచితో సంబంధం లేదు. పర్యావరణ కారణాల వల్ల ఇటీవల అనేక సంస్థలు తేలిక సీసాలకు మారుతున్నాయి. మెడ రేకులకు ఒకప్పుడు సీసం వాడేవారు. ఆరోగ్యానికి హానికరమైనందున అమెరికా 1996లో దానిని నిషేధించింది.

ఒకే ఇల్లు, అనేక ధరలు

ఒకే ఉత్పత్తిదారు చౌక వైన్‌ను, ఖరీదైన వైన్‌ను రెండింటినీ అమ్మవలసి వచ్చినప్పుడు రూపకల్పన చాలా సున్నితమవుతుంది. చౌక సీసా ఖరీదైన సీసా పేరుప్రతిష్ఠలను అరువు తెచ్చుకోవాలి గాని, వాటిని తరిగిపోనివ్వరాదు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ మూటన్ కాడే. 1930లో బోర్డో పంట బాగా రాలేదు. ఆ వైన్‌ను షాటో మూటన్ పేరుతో అమ్మడానికి ఇష్టపడక, బారన్ ఫిలిప్ దానికి మూటన్ కాడే అనే వేరే పేరు పెట్టి తక్కువ ధరకు అమ్మాడు. ఫ్రెంచి భాషలో "కాడే" అనగా ఇంటిలో చిన్నవాడు. ఫిలిప్ తన తల్లిదండ్రుల సంతానంలో చివరివాడు. కాలక్రమంలో మూటన్ కాడే స్వంత తోట వైన్‌గా కాక, బోర్డో ప్రాంతంలోని అనేక తోటల ద్రాక్షతో పెద్ద ఎత్తున తయారయ్యే వైన్‌గా మారింది. పేరులో "మూటన్" నిలిచిపోయింది. రెండు సీసాలలోని వైన్‌కు తోట ఉమ్మడి కాదు, ఇంటి పేరే ఉమ్మడి. ఈ సంగతి తెలియని కొనుగోలుదారు అది పెద్ద సీసాకు చిన్న తమ్ముడనే భావిస్తాడు.

పెద్ద సీసా మాత్రం వేరే దారి పట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో విజయానికి గుర్తుగా "వి" అక్షరంతో ఫిలిప్ జులియన్ వేసిన చిత్రాన్ని లేబుల్ పైభాగాన ముద్రించారు. అప్పటి నుండి ఏటా ఒక కళాకారుని చిత్రం వేయటం ఆనవాయితీ అయింది. 1955లో బ్రాక్, 1958లో సాల్వడార్ డాలీ, 1969లో మిరో, 1970లో మార్క్ షగాల్, 1975లో ఆండీ వార్హోల్ చిత్రాలు వచ్చాయి. 1973 పంట లేబుల్‌పై, ఆ సంవత్సరమే మరణించిన పికాసో చిత్రం ఉన్నది. బోర్డో తోటల 1855 నాటి వర్గీకరణలో రెండవ తరగతిలో ఉన్న మూటన్ మొదటి తరగతికి ఎక్కినది కూడా 1973లోనే. కళాకారులకు పారితోషికం డబ్బుగా కాక వైన్ సీసాలుగా ఇస్తారు. 1993 పంటకు బాల్తూస్ గీసిన నగ్నబాలిక రేఖాచిత్రంపై అమెరికాలో అభ్యంతరాలు రాగా, ఆ దేశానికి పంపిన సీసాలపై చిత్రం ఉండవలసిన చోటును ఖాళీగా వదిలారు. ఇప్పుడు సేకరణదారులు ఆ రెండు రకాల లేబుళ్ళనూ వెదుకుతుంటారు. ఏటా మారే చిత్రం వల్ల వైన్ నాణ్యత మారదు. కాని ప్రతి పంటా విడిగా సేకరించదగిన వస్తువు అవుతుంది.

బోర్డోలోని ఇతర పెద్ద తోటలు "రెండవ వైన్" పద్ధతిని అనుసరించాయి. తమ ప్రధాన వైన్‌కు సరిపోదని తేలిన భాగాన్ని వేరే పేరుతో తక్కువ ధరకు అమ్ముతారు. షాటో లాటూర్ వారి లె ఫోర్ ద లాటూర్, షాటో మార్గో వారి పవియాన్ రూజ్ ఇటువంటివి. మూటన్ కాడేకు భిన్నంగా ఇక్కడ బంధుత్వం నిజమైనది, వైన్ అదే ఎస్టేటులో తయారవుతుంది. అందుకే ఈ లేబుళ్ళు పెద్ద తోట పేరును దాచవు. అయితే పొరపాటున కూడా దానితో పోల్చుకోలేనంత తేడాను పాటిస్తాయి.

ఆస్ట్రేలియాకు చెందిన పెన్‌ఫోల్డ్స్ సంస్థ మరొక పద్ధతిని పాటించింది. 1951లో మాక్స్ షుబర్ట్ ప్రయోగాత్మకంగా తయారుచేసిన గ్రేంజ్ ఆ సంస్థకు శిఖరం వంటిది. మెట్టు మెట్టుగా కిందికి వస్తే బిన్ 389, బిన్ 28, కూనుంగా హిల్ ఉంటాయి. అనేక మెట్లలో తెల్లని చీటీ, ఎర్రని చేతిరాత వంటి సంస్థ పేరు ఇంటి గుర్తుగా నిలుస్తాయి. కొనేవాడు తన ఆదాయం పెరిగేకొద్దీ అదే ఇంటిలో పై మెట్టుకు ఎక్కవచ్చును. బిన్ 389కు "పేదవాని గ్రేంజ్" అనే ముద్దుపేరు కూడా ఉన్నది, అయితే దానిని కొనేది నిజంగా పేదవారు కారు.

జంతువుల లేబుళ్ళు

2001లో ఆస్ట్రేలియాకు చెందిన కసెల్లా కుటుంబపు సంస్థ ఎల్లో టెయిల్ అనే వైన్‌ను అమెరికా మార్కెట్‌లో ప్రవేశపెట్టింది. నల్లని నేపథ్యంపై, కంగారూను పోలిన వాలబీ అనే జంతువు బొమ్మ, చదరపు కుండలీకరణాల మధ్య చిన్న అక్షరాలలో పేరు దాని లేబుల్. కోట లేదు, పతకాలు లేవు, తాతల పేర్లు లేవు. వైన్ గురించి తెలియనివారు చిన్నబుచ్చుకోకుండా తీసుకోగల సీసాగా అది కొద్ది సంవత్సరాలలోనే అమెరికాలో అత్యధికంగా అమ్ముడయ్యే దిగుమతి వైన్లలో ఒకటైంది. డబ్ల్యూ. చాన్ కిమ్, రెనే మాబోర్న్ రచించిన "బ్లూ ఓషన్ స్ట్రాటజీ" (2005) అనే వ్యాపారశాస్త్ర గ్రంథంలో దీనిని ఉదాహరణగా తీసుకున్నారు.

తరువాత కొంతకాలం కప్పలు, కోళ్ళు, పెంగ్విన్లు, గుర్రాలు సీసాలకెక్కాయి. చౌక వైన్‌కు జంతువు బొమ్మ గుర్తన్న అభిప్రాయం స్థిరపడగానే ఖరీదైన వైన్లవారు ఆ బొమ్మలకు దూరంగా జరిగారు. మూటన్ వారి పొట్టేలు మాత్రం అంతకు ముందే ఉన్నది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ రాలేదు. 19 క్రైమ్స్ అనే మరొక ఆస్ట్రేలియా వైన్ సీసాలపై, బ్రిటన్ నుండి ఆస్ట్రేలియాకు ప్రవాసం పంపబడిన ఖైదీల ఫోటోలు ఉంటాయి. 2017 నుండి మొబైల్ ఫోన్‌ను లేబుల్ ముందు పెడితే ఆ ఖైదీ తన కథ చెప్పే ఏర్పాటు చేశారు.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన మార్గం చార్లెస్ షాది. 2002లో అమెరికాలోని ట్రేడర్ జోస్ దుకాణాలలో 1.99 డాలర్లకు అమ్మకానికి వచ్చిన ఈ వైన్‌కు జనం "టూ బక్ చక్" అని పేరు పెట్టారు. ఒకప్పుడు నాపా లోయలో ఉండిన వైనరీ పేరును బ్రాంకో అనే పెద్ద సంస్థ కొని, సంప్రదాయబద్ధంగా కనిపించే లేబుల్‌తో అమ్మింది. ధర అట్టడుగుది, వేషం మధ్య శ్రేణిది. అలాగే 1942లో మొదలైన పోర్చుగల్ వైన్ మాటేయుస్ రోజే లేబుల్ మీద అందమైన రాజభవనం కనబడుతుంది, కాని ఆ వైన్ ఆ భవనంలో తయారయ్యేది కాదు.

మాటలు, చట్టం

కొన్ని మాటలు నేరుగా ధరను పెంచుతాయి. అందుకే వాటి కోసం పోరాటాలు జరిగాయి. బర్గండీలోని జెవ్రే గ్రామం 1847లో తన పరిధిలోని సుప్రసిద్ధ తోట షాంబర్టన్ పేరును తన పేరుకు చేర్చుకొని జెవ్రే-షాంబర్టన్ అయింది. గ్రామంలోని సాధారణ తోటల వైన్‌పై కూడా అప్పటి నుండి ఆ గొప్ప పేరు కనిపించసాగింది. బర్గండీలో అత్యున్నతమైన గ్రాండ్ క్రూ వైన్‌పై తోట పేరు మాత్రమే ఉంటుంది, గ్రామం పేరు ఉండదు. అనగా లేబుల్‌పై "షాంబర్టన్" అని ఒక్క మాటే ఉంటే ధర ఎక్కువ, రెండు మాటలుంటే తక్కువ. ఈ సూక్ష్మం తెలియనివానికి రెండవదే ఎక్కువ ఘనంగా కనబడుతుంది.

జర్మనీ 1971 వైన్ చట్టం మరింత గందరగోళం కలిగించింది. "పీస్పోర్టర్ గోల్డ్‌ట్రోప్ఫ్‌షెన్" అన్నది ఒకే ప్రసిద్ధమైన కొండవాలు తోట. "పీస్పోర్టర్ మికెల్స్‌బర్గ్" అన్నది అనేక గ్రామాల తోటలను కలిపిన విశాల ప్రాంతం. లేబుల్‌పై రెండు పేర్ల కూర్పూ ఒక్కటే. రెండవదానిలో పీస్పోర్ట్ గ్రామపు ద్రాక్ష ఎంతమాత్రం లేకపోయినా చట్టవిరుద్ధం కాలేదు.

ఇటలీలో ఇందుకు తలకిందులుగా జరిగింది. టస్కనీలోని సస్సికైయా, టిన్యానెల్లో వంటి వైన్లు స్థానిక నియమాలకు లోబడని ద్రాక్షలతో లేదా పాళ్ళతో తయారైనందున, వాటి లేబుళ్ళపై చట్టప్రకారం "బల్ల వైన్" అనే అట్టడుగు తరగతి పేరు రాయవలసి వచ్చింది. ధర మాత్రం ఉన్నత తరగతుల వైన్లను మించింది. నీలి వృత్తంలో బంగారు నక్షత్రం ఉన్న సస్సికైయా లేబుల్, చట్టం ఇచ్చిన మాటకన్నా బలమైన హామీ అయింది. చివరికి చట్టమే దిగివచ్చి 1992లో కొత్త తరగతిని సృష్టించింది, 1994లో సస్సికైయాకు ప్రత్యేక గుర్తింపు లభించింది.

"రిజర్వ్" అనే మాట కథ కూడా ఇటువంటిదే. స్పెయిన్‌లో ఎర్ర వైన్‌ను "రిసర్వా" అని పిలవాలంటే కనీసం 3 సంవత్సరాలు, "గ్రాన్ రిసర్వా" అనాలంటే కనీసం 5 సంవత్సరాలు నిలవ ఉంచాలి, అందులో కొంతకాలం ఓక్ పీపాలలో ఉంచాలి. రియోహా ప్రాంతంలో ఈ తరగతులకు సీసా వెనుక వేర్వేరు రంగుల అధికారిక ముద్రలు ఉంటాయి. అమెరికాలో "రిజర్వ్" అనే మాటకు ఫెడరల్ నిర్వచనం లేదు, ఎవరైనా ఎంత చౌక వైన్‌పైనైనా రాసుకోవచ్చును. "పాత తీగలు" అన్న మాటకు కూడా అనేక దేశాలలో ఇన్నేళ్ళ వయసుండాలన్న నియమం లేదు. అయితే అమెరికాలో మరికొన్ని విషయాలలో కచ్చితమైన లెక్కలున్నాయి: ద్రాక్ష రకం పేరు రాయాలంటే కనీసం 75 శాతం ఆ ద్రాక్ష, నాపా లోయ వంటి గుర్తింపు పొందిన ప్రాంతం పేరు రాయాలంటే కనీసం 85 శాతం ఆ ప్రాంతపు ద్రాక్ష ఉండాలి. అమ్మకానికి ముందు లేబుల్‌కు ప్రభుత్వ ఆమోదం తప్పనిసరి.

ఈ నియమంలోని లొసుగుపై పెద్ద వ్యాజ్యం నడిచింది. 1986 జూలైకి ముందు నుండి వాడుకలో ఉన్న బ్రాండ్ పేర్లకు ఫెడరల్ నియమాలు మినహాయింపునిచ్చాయి. బ్రాంకో సంస్థ "నాపా రిడ్జ్" వంటి పాత పేర్లను కొని, వేరే ప్రాంతాల చౌక ద్రాక్షతో చేసిన వైన్‌ను ఆ పేర్లతో అమ్మింది. అసలు ప్రాంతం పేరు కూడా లేబుల్‌పై ఉండేది. నాపా రైతుల కోరికపై 2000లో కాలిఫోర్నియా రాష్ట్రం ఇటువంటి పేర్లకు 75 శాతం నాపా ద్రాక్ష ఉండాలని శాసనం చేసింది. 2004లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఫెడరల్ నియమాలు ఈ శాసనానికి అడ్డు కావని తీర్పు చెప్పింది, 2005లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవటానికి నిరాకరించింది. ఒక్క ఊరి పేరు విలువ ఎంతో ఈ వ్యాజ్యం తెలియజేస్తుంది.

తప్పనిసరి వివరాలు పెరిగేకొద్దీ రూపకర్తకు స్థలం తగ్గుతుంది. ఖరీదైన వైన్లవారు అనుసరించే ఉపాయం ఒకటున్నది. ఆల్కహాలు శాతం, పరిమాణం, హెచ్చరికలు అన్నీ ఉన్న చీటీని చట్టం దృష్టిలో "ముందు లేబుల్"గా నమోదు చేస్తారు. దుకాణంలో మాత్రం దానిని గోడవైపు తిప్పి, బొమ్మ మాత్రమే ఉన్న "వెనుక లేబుల్"ను జనానికి చూపుతారు. ఐరోపా సమాఖ్యలో 2023 డిసెంబరు 8 తరువాత తయారైన వైన్లకు పదార్థాల జాబితా, పోషక వివరాలు తప్పనిసరి అయ్యాయి. వాటిలో చాలా భాగాన్ని క్యూఆర్ కోడ్ ద్వారా చూపే వీలు కల్పించటంతో లేబుళ్ళ అందం కొంత దక్కింది.

లేబుల్, ధర, రుచి

లేబుల్ చూసినప్పుడు కలిగే అంచనా నాలుక మీద కూడా పనిచేస్తుందని ప్రయోగాలు చూపాయి. ఫ్రెంచి పరిశోధకుడు ఫ్రెడెరిక్ బ్రోషే ఒకే బోర్డో వైన్‌ను ఒకసారి సాధారణ బల్ల వైన్ సీసాలోను, మరొకసారి గ్రాండ్ క్రూ సీసాలోను పోసి వైన్ విద్యార్థులకు ఇచ్చాడు. మొదటిదానిని పలచగా ఉన్నదని, రెండవదానిని సంక్లిష్టంగా, సమతూకంగా ఉన్నదని వారు వర్ణించారు. 2008లో హిల్కే ప్లాస్‌మన్ బృందం చేసిన ప్రయోగంలో ఒకే వైన్‌ను 10 డాలర్లదని ఒకసారి, 90 డాలర్లదని ఒకసారి చెప్పి రుచి చూపించారు. ధర ఎక్కువని విన్నప్పుడు వైన్ ఎక్కువ నచ్చటమే కాక, ఆనందానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం కూడా పెరిగింది. ధర చెప్పనప్పుడు ఆ తేడా కనబడలేదు.

మరొకవైపు, 2008లోనే ప్రచురితమైన మరొక అధ్యయనంలో, లేబుల్ కనబడకుండా జరిపిన 6,000కు పైగా రుచి పరీక్షలను పరిశీలించగా, శిక్షణ లేనివారికి ఖరీదైన వైన్లు సగటున కొంచెం తక్కువగానే నచ్చాయి. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ నిర్వహించిన పోటీలో లేబుళ్ళు దాచి రుచి చూపినప్పుడు, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్, షాటో మాంటెలీనా వైన్లకు ప్రథమ స్థానాలిచ్చారు. లేబుళ్ళు కనబడి ఉంటే ఆ ఫలితం వచ్చి ఉండేదని ఊహించటం కష్టం.

నకిలీలు

పాత వైన్ల ధరలు వేల డాలర్లకు చేరిన తరువాత లేబుల్‌ను నకలు చేయటం లాభసాటి నేరంగా మారింది. అమెరికాలో స్థిరపడిన రూడీ కుర్నియావాన్ అనే సేకరణదారు అరుదైన వైన్ల పేరుతో నకిలీ సీసాలు అమ్మాడు. 2008 ఏప్రిల్‌లో న్యూయార్క్ వేలంలో అతడు పెట్టిన పోన్సో క్లో సాన్ దెనీ సీసాలలో కొన్ని 1945 నాటివి. ఆ డొమేన్ అధిపతి లోరాన్ పోన్సో, తమ కుటుంబం 1980ల వరకు ఆ తోట వైన్‌ను తయారే చేయలేదని తెలియజేయగా వాటిని వేలం నుండి తొలగించారు. కాగితమూ అచ్చూ నమ్మించేటట్లున్నా, అసలు లేని వైన్‌కు లేబుల్ వేయటం వలన మోసం బయటపడింది. 2012లో కుర్నియావాన్ ఇంటిలో వేలాది లేబుళ్ళు దొరికాయి. 2013లో నేరం రుజువై, 2014లో అతనికి 10 సంవత్సరాల జైలుశిక్ష పడింది. అత్యంత ఖరీదైన సీసాల లేబుల్ నిరాడంబరంగా ఉండటం నకిలీదారుకు అనుకూలించే సంగతి: తెల్లకాగితం, నల్ల అక్షరాలు అచ్చువేయటం కష్టం కాదు.

ఇటువంటి మోసాల వలన సూక్ష్మాక్షరాలు, హోలోగ్రాములు, తెరిస్తే చిరిగిపోయే ముద్రలు ఖరీదైన లేబుళ్ళలో భాగమయ్యాయి. రియోహా సీసాల చుట్టూ కనిపించే సన్నని బంగారు తీగల వల కూడా మొదట ఖాళీ సీసాలను తిరిగి నింపకుండా పెట్టిన కట్టుబాటే. తరువాత అది కేవలం అలంకారమై చౌక సీసాలకూ పాకింది.

భారతదేశంలో

భారతదేశంలో లేబుల్ పని ఐరోపాకన్నా ఒక ముఖ్యమైన విషయంలో భిన్నమైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా అనేక రాష్ట్రాలలో గరిష్ఠ చిల్లర ధరను సీసా మీదనే ముద్రించాలి. ఇతర దేశాలలో లేబుల్ ధరను సూచిస్తే, ఇక్కడ లేబులే ధరను చెబుతుంది. మద్యం రాష్ట్రాల పరిధిలోని విషయం కాబట్టి ప్రతి రాష్ట్రంలోను లేబుల్‌ను ఎక్సైజ్ శాఖ వద్ద విడిగా నమోదు చేసి రుసుము చెల్లించాలి. రూపకర్త ఎంతో శ్రమపడి వదిలిన ఖాళీ స్థలం మీదనో, మూత మీదనో ఎక్సైజ్ వారి హోలోగ్రామ్ చీటీ వచ్చి కూర్చుంటుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో చేసిన నిబంధనల ప్రకారం 2019 ఏప్రిల్ నుండి, మద్యపానం ఆరోగ్యానికి హానికరమని, తాగి వాహనం నడపరాదని హెచ్చరిక కూడా ఉండాలి. టెలివిజన్‌లో మద్యం ప్రకటనలు నిషిద్ధం కాబట్టి, చిన్న వైనరీలకు లేబుల్ దాదాపు ఏకైక ప్రకటన.

నాసిక్‌కు చెందిన సులా వైన్యార్డ్స్ 2000లో తన మొదటి వైన్లను విడుదల చేసింది. మీసాలున్న సూర్యుని బొమ్మ ఆ సంస్థ చిహ్నం. ఖరీదైన వైన్లకు దిండోరి రిజర్వ్, రాసా వంటి పేర్లు పెట్టారు, చౌక వైన్లను మదేరా వంటి వేరే పేర్లతో అమ్మారు. బెంగుళూరు సమీపంలోని నంది కొండల వద్ద ద్రాక్ష పండించిన గ్రోవర్ సంస్థ తన మేలురకానికి "లా రిజర్వ్" అనే ఫ్రెంచి పేరును ఎంచుకొన్నది. హైదరాబాదుకు చెందిన పారిశ్రామికవేత్త చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కర్ణాటకలోని హంపి కొండల ప్రాంతంలో స్థాపించిన క్రస్మా ఎస్టేట్స్ ఖరీదైన శ్రేణికే పరిమితమైంది. ఆ పేరు దంపతుల పేర్లలోని అక్షరాలతో కూర్చినది.

తెలుగు రాష్ట్రాలలో "వైన్ షాపు" అనే మాట అన్నిరకాల మద్యం అమ్మే దుకాణానికి వాడుకలో ఉన్నది. అక్కడ విస్కీ, బ్రాందీ, బీరు సీసాల నడుమ అసలు వైన్ తరచుగా ఒక మూల అరలో ఉంటుంది. ఆ అరలో చౌకదానికీ ఖరీదైనదానికీ మధ్య తేడాను కొనేవారికి వివరించే మనిషి అరుదు కాబట్టి, ఆ పని కూడా లేబుల్ మీదనే పడుతుంది.